పురానాపూల్ నుంచి కోఠి దాకా: మూసీ ఒడ్డున ఒక నడక

(హైదరాబాదులో, మూసీ తీరపు నడకకు వారం ముందు జరిగిన సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టాం.)

సభలోని పెద్దలకు, మిత్రులకు, వచ్చే ఆదివారం నడకకు పేర్లిచ్చిన విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. బయలుదేరేముందు ఒకసారి కూర్చొని దారి గురించి మాట్లాడుకొంటే బాగుంటుందని నిర్వాహకులు అన్నారు. మంచి ఆలోచన. అక్కడ బస్సుల హారన్ల మధ్య నేను చెప్పేది మీకు సగం కూడా వినబడదు. కాబట్టి చెప్పవలసింది ఇక్కడే చెబుతాను. అక్కడికి వెళ్ళాక మీరు తీరిగ్గా చూడండి.

మన దారి ఇది. పురానాపూల్ దగ్గర మొదలుపెడతాం. నది దక్షిణపు ఒడ్డున సిటీ కాలేజీ, హైకోర్టు చూసుకొంటూ నయాపూల్ చేరుతాం. వంతెన దాటి ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం చూసి, చాదర్‌ఘాట్ మీదుగా కోఠి చేరుతాం. అంతా కలిపి నాలుగైదు కిలోమీటర్లు. మీలో ఎంతమంది ఈ దారిన బస్సులోనో, ఆటోలోనో వెళ్ళారు? చేతులెత్తండి. దాదాపు అందరూ. సరే, నడిచి వెళ్ళినవారు? అక్కడ ఇద్దరు, ఇక్కడ ఒకరు. అందుకే ఈ నడక.

చార్మినార్ ఉంది, గోల్కొండ ఉంది, కుతుబ్‌షాహీ సమాధులు ఉన్నాయి, మరి ఈ మురికి నది ఒడ్డు ఎందుకని ఒకరు నన్ను అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కోట రాజు తన రక్షణ కోసం కట్టుకొంటాడు, సమాధి తన పేరు నిలవడానికి కట్టుకొంటాడు. మూసీ ఒడ్డున ఏమున్నాయి? ఆసుపత్రి, న్యాయస్థానం, బడి, గ్రంథాలయం. ఎవరైనా లోపలికి వెళ్ళగలిగినవి, ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు అవసరం పడేవి. ఇవన్నీ ఎప్పుడు కట్టారు? ఇదే నది ఊరిని ముంచి వేలమందిని పొట్టన పెట్టుకొన్న తరువాత, ముప్ఫై ఏళ్ళ లోపల, అదే నది ఒడ్డున కట్టారు. ఈ ఊరు నది వైపు పెడమొహం పెట్టలేదు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకొన్నది ఈ ఒక్క సంగతే. మిగిలిందంతా దీనికి సాక్ష్యం.

ముందు నది సంగతి. మూసీ వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దీనికి ముచికుందా నది అని పాత పేరు. ఈసీ అనే ఇంకో నది లంగర్‌హౌజ్ దగ్గర దీనిలో కలుస్తుంది. 1948లో గాంధీజీ చితాభస్మాన్ని ఆ సంగమంలోనే కలిపారు. బాపూఘాట్ అక్కడే ఉంది. మనం నడిచే చోటికి వచ్చేసరికి ఈ రెండు నదుల నీళ్ళూ ఒకటై ఉంటాయి. ఇది గుర్తుపెట్టుకోండి, వరద సంగతి వచ్చినప్పుడు మళ్ళీ అవసరపడుతుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. అక్కడ వాసన వస్తుంది. ఊరి మురుగు నదిలోకి దిగుతోంది, వానాకాలం తప్ప మిగతా రోజుల్లో మీకు కనబడేది చాలావరకు ఆ నీరే. చూస్తే మనసు కష్టపడుతుంది. అయినా ముక్కు మూసుకొని గబగబా వంతెన దాటకండి. కాసేపు పిట్టగోడ దగ్గర నిలబడండి. ఎందుకంటే ఆ భవనాల అందమంతా నది మీద నిలబడి చూసినప్పుడే తెలుస్తుంది. మనం అక్కడ నిలబడటం మానేశాం, అందుకే ఉస్మానియా మనకు ఓపీ చీటీ రాయించుకొనే గేటుగా, హైకోర్టు ట్రాఫిక్ ఆగే చోటుగా మిగిలిపోయాయి.

ఇక పురానాపూల్. దీన్ని 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడు. మన తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్న సుల్తాను ఆయనే. సంవత్సరం గమనించండి: 1578. చార్మినార్ 1591 నాటిది. అంటే ఈ వంతెన లేచేనాటికి హైదరాబాదు అనే ఊరే లేదు. ఊరు లేనిచోట అంత పెద్ద వంతెన దేనికి? ఎవరైనా చెబుతారా?

అవును, ప్రేమకథ. మొదట వచ్చే జవాబు ఎప్పుడూ అదే. అవతలి ఒడ్డున ఉన్న భాగమతి కోసం యువరాజు మహమ్మద్ కులీ పొంగుతున్న నదిలోకి గుర్రాన్ని దూకించాడని, కొడుకు ప్రాణానికి భయపడి తండ్రి వంతెన కట్టించాడని చెబుతారు. చక్కని కథ, నాకూ ఇష్టమే, పిల్లలకు చెప్పండి. కానీ వంతెన పూర్తయిన 1578లో ఆ యువరాజుకు 12, 13 ఏళ్ళకు మించి లేవు. అంత పసివాడి ప్రేమ కోసం నది మీద రాతి వంతెన వేశారంటే నమ్మడం కష్టం.

అసలు కారణం గోల్కొండ. కోటలో జనం కిక్కిరిసిపోయారు. కోట నుంచి బయలుదేరిన బాట కార్వాన్ మీదుగా వచ్చి, ఇక్కడ నది దాటి, తూర్పున మచిలీపట్నం రేవు దాకా సాగేది. దేశదేశాల వజ్రాల వర్తకులు కార్వాన్‌లో బస చేసేవారు. వానాకాలం మూసీ పొంగితే ఆ రాకపోకలన్నీ ఆగిపోవలసిందే. అందుకే వంతెన వచ్చింది. వంతెన వచ్చింది కనుక అవతలి ఒడ్డున, 13 ఏళ్ళ తరువాత, కొత్త నగరం వేయడం కుదిరింది. పురానాపూల్ లేకపోతే చార్మినార్ అక్కడ లేచేది కాదని నా నమ్మకం. పదిహేడవ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఈ వంతెనను పారిస్‌లో పేరుమోసిన వంతెనతో పోల్చి రాశాడు. పారిస్ వంతెనకు ఏటా లక్షలమంది వెళతారు. మన వంతెనకు?

మన వంతెనకు కూరగాయలు కొనుక్కోవడానికి వెళతారు. అది తప్పని నేను అనను. వాహనాలకు పక్కనే వేరే వంతెన ఉంది, పాతదాని మీద అంగళ్ళు వెలిశాయి. పొద్దున్నే వెళితే టమాటా పెట్టెలు దించుతుంటారు, తడి గోనెపట్టాల మీద తోటకూర, కొత్తిమీర కట్టలు పరిచి ఉంటాయి, తలకు చుట్టుకుదురు పెట్టుకొని గంపలు మోసేవారు మిమ్మల్ని పక్కకు జరగమని కేకేస్తారు. జరగండి. జరిగి, పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కిందికి వంగి చూడండి. పొడవు సుమారు 600 అడుగులు, కింద 22 కమానులు. కమానులు అర్ధచంద్రంలా గుండ్రంగా ఉండవు, నడినెత్తిన కొనదేరి ఉంటాయి. నీళ్ళు ఎదురొచ్చే వైపున ప్రతి స్తంభానికీ రాతికట్టడం ముక్కులా ముందుకు పొడుచుకొని వచ్చి ఉంటుంది. వరద నేరుగా వచ్చి స్తంభాన్ని గుద్దకుండా, ఆ ముక్కు దగ్గర చీలి రెండు పక్కలకూ పోతుంది. నాలుగున్నర శతాబ్దాలుగా ఆ వంతెన నిలబడటానికి ఆ ముక్కులు ఒక ముఖ్య కారణం. 1820 వరదలో దెబ్బతింటే నిజాం సికందర్ జా బాగు చేయించాడు. 1908లో మళ్ళీ దెబ్బతింది. కానీ నిలబడింది.

వంతెన దిగేచోట ఒక పాత దర్వాజా కనబడుతుంది. దాన్ని దాటి వెళ్ళిపోకండి. ఒకప్పుడు నగరం చుట్టూ ప్రాకారం ఉండేది. ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టగా మొదటి నిజాం కాలంలో పూర్తయింది. నది పక్కన కూడా ఆ గోడే ఉండేది, మధ్యలో దర్వాజాలు ఉండేవి. వాటిలో ఇవాళ మిగిలినవి రెండే: ఇక్కడి పురానాపూల్ దర్వాజా, అటు దబీర్‌పురా దర్వాజా.

1908 సెప్టెంబరు 28

ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతాను. వెనక ఉన్నవారికి వినబడుతోందా? సరే.

1908 సెప్టెంబరు చివరి వారంలో మూసీ ఎగువన కుండపోతగా వాన కురిసింది. ఎగువన అప్పట్లో 700కు పైగా చెరువులుండేవి. గొలుసుకట్టు చెరువులు: పై చెరువు అలుగు పారితే ఆ నీళ్ళు కింది చెరువుకు చేరుతాయి. మామూలు వానకు అది గొప్ప ఏర్పాటు, మన పెద్దల తెలివి. కానీ పై చెరువుకు గండి పడితే ఏమవుతుంది? ఆ నీళ్ళు వెళ్ళి కింది చెరువు కట్టను తెంచుతాయి, ఆ రెండిటి నీళ్ళు కలిసి మూడోదాన్ని తెంచుతాయి. అలా ఒకదాని వెంట ఒకటి 200కు పైగా చెరువులు తెగిపోయాయి. ఈసీ నీళ్ళు, మూసీ నీళ్ళు లంగర్‌హౌజ్ దగ్గర ఒకేసారి కలిశాయి. 28వ తేదీన నది ఊళ్ళోకి వచ్చేసింది.

చాదర్‌ఘాట్ వంతెన, అఫ్జల్‌గంజ్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, ఈ మూడూ ఆ వరదకు ఆగలేకపోయాయి. రెండు ఒడ్లనూ కలుపుతూ మిగిలింది 330 ఏళ్ళ పాత పురానాపూల్ ఒక్కటే. ఒడ్డున ఉన్న కోల్సావాడి వంటి పేటలు తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవారు 15,000 మంది అని సాధారణంగా చెబుతారు, అంతకన్నా ఎక్కువ చెప్పేవారూ ఉన్నారు. 1901 జనాభా లెక్కల్లో హైదరాబాదు జనం సుమారు నాలుగున్నర లక్షలు. అంటే ప్రతి ముప్ఫైమందిలో ఒకరు. ఈ హాల్లో ఇప్పుడు మనం తొంభైమంది దాకా ఉన్నాం. లెక్క వేసుకోండి.

ఉర్దూలో రుబాయీలు, అంటే నాలుగు పాదాల పద్యాలు, రాసిన కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకొన్నాడు. ఇంటిల్లిపాదిలో ఆయన ఒక్కడే బతికి బయటపడ్డాడు. సంఖ్య చెబితే మనసుకు పట్టదు, ఒక ఇంటి సంగతి చెబితే పడుతుంది. అందుకే చెప్పాను.

ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ నది దగ్గరికి వచ్చి, పండితులు చెప్పినట్టు చీర, పసుపు కుంకుమలు సమర్పించి శాంతించమని వేడుకొన్నాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకొంటారు. ముస్లిం పాలకుడు గంగమ్మకు చీర పెట్టిన ఆ కథను నేను చాలా గౌరవంతో వింటాను. కష్టంలో ఈ ఊరు ఎలా ప్రవర్తించాలని కోరుకొందో అది చెబుతుంది. ఆ తరువాత జరిగినది కూడా అంతే ముఖ్యం. నిజాం ప్రభుత్వం ఒక ఇంజనీరుకు కబురు పెట్టింది.

ఆ ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. బొంబాయి ప్రభుత్వ ఉద్యోగం విడిచి ఐరోపాలో పర్యటిస్తుండగా ఆయనకు కబురు అందింది. 1909లో హైదరాబాదు వచ్చారు. వచ్చి ఏం చేశారు? ముందు వరద ఎందుకు వచ్చిందో లెక్కగట్టారు. చెరువులు లెక్కబెట్టారు, వానపాతం లెక్కలు తీశారు, నదిలో నీళ్ళు ఏ ఎత్తున ఎంత వేగంతో పోయాయో చూశారు. చూసి రెండు పనులు చెప్పారు. ఒకటి, ఊరికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి పెద్ద జలాశయాలు కట్టి, వరదను అక్కడే పట్టి, మెల్లగా వదలాలి. రెండు, ఊళ్ళో నది గట్లను ఎత్తు చేసి, వాటి పక్కన రహదారులు, తోటలు వేయాలి. మొదటి మాట ప్రకారం 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఆ పనుల్లో ఇక్కడి ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పాత్ర చాలా పెద్దది. ఆయన పేరు కూడా విశ్వేశ్వరయ్య పేరు పక్కనే చెప్పాలని నా అభిప్రాయం. వరదను ఆపడానికి కట్టిన ఆ రెండూ తరువాత మన ఇళ్ళకు తాగునీరు ఇచ్చాయి. ఉస్మాన్‌సాగర్‌కే గండిపేట అని వాడుక పేరు. గండిపేట నీళ్ళు తాగినవాడు ఈ ఊరు విడిచి వెళ్ళడని పెద్దలు అనేవారు.

రెండవ మాట ప్రకారం ఏం వచ్చింది? మనం నడిచే దారి వచ్చింది. 1911లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాడు. 1912లో నగరాన్ని బాగుచేసే బోర్డు ఏర్పడింది. వరదకు ఖాళీ అయిన ఒడ్డు వాళ్ళ ముందు ఉంది. అక్కడ ఏమైనా కట్టవచ్చు. ప్యాలెస్ కట్టవచ్చు, అంగళ్ళు కట్టి బాడుగకు ఇవ్వవచ్చు. వాళ్ళు న్యాయస్థానం, బడి, ఆసుపత్రి కట్టారు.

ఈ మూడిటికీ విన్సెంట్ ఎష్ అనే ఆంగ్లేయుడు వాస్తుశిల్పి. కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పనులు చూసినవాడు, 1914లో ఇక్కడికి వచ్చాడు. హైకోర్టు నిర్మాణం 1915లో మొదలై 1919లో పూర్తయింది, 1920 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. రూపకల్పనలో జయపూర్‌కు చెందిన శంకర్‌లాల్ పేరు, కట్టించిన ఇంజనీరుగా మెహర్ అలీ ఫాజిల్ పేరు కూడా చెబుతారు. గులాబి ఛాయ గ్రానైటు, ఎర్ర ఇసుకరాయి, పైన గుమ్మటాలు. పొద్దుటి ఎండ పడినప్పుడు రెండు రాళ్ళకూ రంగు తేడా స్పష్టంగా తెలుస్తుంది. అందుకే నడక పొద్దున్నే పెట్టమన్నాను. ఆదివారం కోర్టు ఉండదు, లోపలికి వెళ్ళలేం. బయట నుంచే చూస్తాం. 2009లో ఈ భవనంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి గ్రంథాలయం చాలావరకు కాలిపోయింది. తరువాత బాగుచేశారు.

పక్కనే సిటీ కాలేజీ, 1921 నాటి భవనం. నదీతీరంలో ఇంత పెద్ద భవనాన్ని అప్పట్లో ఒక హైస్కూలు కోసం కట్టారు, ఆలోచించండి. దీని ముందు ఒక్క నిమిషం మౌనంగా నిలబడదాం. 1952 సెప్టెంబరులో ముల్కీ హక్కుల కోసం, అంటే స్థానికులకే ఉద్యోగాలు కావాలని, విద్యార్థులు రోడ్డు మీదికి వచ్చినప్పుడు ఈ కాలేజీ దగ్గరే పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. తెలంగాణ ఉద్యమ చరిత్ర 1969 నుంచి మొదలవుతుందనుకొనేవారు ఈ చోటు తప్పక చూడాలి.

నది దాటాక

నయాపూల్ మీద మధ్యకు వెళ్ళి ఆగుతాం. ఈ నడకలో నేను ఎక్కువసేపు ఆగేది అక్కడే. పడమర వైపు తిరిగి నిలబడండి. ఎడమచేతి వైపు హైకోర్టు, కుడిచేతి వైపు ఉస్మానియా, మధ్యలో నది. నది వెడల్పును మధ్యలో పెట్టుకొని రెండు గుమ్మటాల వరుసలు ఎదురెదురుగా నిలిచి ఉంటాయి. కొలత తెలిసిన మనిషి చేసిన పని అది. ఒకటి ఎర్రగా, ఒకటి తెల్లగా. ఒకటి రాయి, ఒకటి డంగుసున్నం పూత. ఫొటోలు తీసుకోండి, కానీ ముందు ఫోను జేబులో పెట్టి చూడండి.

వెనక్కి తిరిగితే దక్షిణపు ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం కనబడుతుంది. 1951లో సాలార్‌జంగుల పాత నివాసం దివాన్ దేవ్డీలో మొదలై, 1968లో ఈ భవనంలోకి వచ్చింది. దాని గురించి చెప్పాలంటే ఇంకో సాయంత్రం కావాలి. ఆ రోజు లోపలికి వెళ్ళం.

వంతెన దిగితే అఫ్జల్‌గంజ్. ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో ధాన్యం వర్తకులకు ఇచ్చిన చోటు. ఆయన కాలంలోనే, 1866లో, ఇక్కడ ఒక ఆసుపత్రి వచ్చింది. శస్త్రచికిత్సకు వాడే క్లోరోఫాం ఎంతవరకు సురక్షితమో తేల్చడానికి 1888, 1889లలో హైదరాబాదులో రెండు కమిషన్లు పనిచేశాయి. ఇక్కడి వైద్యుడు ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించాడు, రెండవదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు కూడా వచ్చాడు. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ ఊళ్ళోనే పనిచేశారు. మెడికల్ విద్యార్థులు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? మీరు గర్వపడవలసిన చోటు ఇది.

ఆ పాత ఆసుపత్రిని 1908 వరద కూల్చేసింది. ఇప్పుడు మనం చూసే ఉస్మానియా 1925 నాటికి పూర్తయింది. ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. వరద రోజున అక్కడ తోట ఉండేది. సుమారు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు కాపాడుకొన్నారని చెబుతారు. చెట్టు ఇవాళ్టికీ ఉంది. రోగులతో వచ్చినవాళ్ళు దాని నీడన కూర్చొని టిఫిన్ డబ్బాలు విప్పుకొంటారు. ఏటా సెప్టెంబరు 28న కొందరు నగరవాసులు అక్కడ చేరి, పోయినవారిని తలుచుకొంటారు. మనం వెళ్ళినప్పుడు దయచేసి గుర్తుంచుకోండి: అది ఆసుపత్రి. అక్కడున్నవాళ్ళు కష్టంలో ఉంటారు. వాళ్ళను ఫొటోలు తీయకండి, గట్టిగా మాట్లాడకండి. చెట్టు దగ్గరికి అందరం ఒకేసారి కాకుండా పదిమంది చొప్పున వెళదాం.

ఇక్కడ నా మనసులోని మాట ఒకటి చెప్పాలి. 2020 జులైలో వాననీళ్ళు పాత భవనంలోని వార్డుల్లోకి వచ్చాయి. రోగులను ఖాళీ చేయించి పాత భవనాన్ని మూసేశారు. కొత్త ఆసుపత్రికి 2025లో గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. అంతకు ముందే 2024లో రాజేంద్రనగర్ వైపు కొత్త హైకోర్టుకు శంకుస్థాపన జరిగింది. రోగికి మంచి వార్డు కావాలి, కక్షిదారుకు మంచి కోర్టు కావాలి, దాన్ని కాదనే హక్కు నాకు లేదు. కానీ రేపు నది రెండు ఒడ్లనూ ఈ రెండూ ఖాళీ అయినప్పుడు అక్కడికి ఏం వస్తుంది? వందేళ్ళ కిందట ఆ ఒడ్డును చూసి పాలకులు బడి, ఆసుపత్రి అని నిర్ణయించారు. ఈసారి నిర్ణయించవలసింది మనం. నా మటుకు నేను కోరేది ఒక్కటే. టికెట్ కొని ఒక పూట చూసి వెళ్ళే చోటుగానో, పెద్దల విందులకు బాడుగకిచ్చే హాలుగానో అవి మారకూడదు. పేదవాడు పనిపడి నేరుగా లోపలికి నడిచి వెళ్ళే చోటుగానే ఉండాలి. వైద్య కళాశాల పెట్టండి, ఉచిత న్యాయసహాయ కేంద్రం పెట్టండి, గ్రంథాలయం పెట్టండి.

గ్రంథాలయం అన్నాను కదా, మన తరువాతి మజిలీ అదే. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైంది, 1936లో అఫ్జల్‌గంజ్‌లోని ఇప్పటి భవనంలోకి వచ్చింది. ఇవాళ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. ఎత్తైన కప్పు, పెద్ద కిటికీలు, మధ్యాహ్నం ఎండలో కూడా చల్లదనం. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి కుర్చీలు పట్టుకొంటారు. ఊళ్ళ నుంచి వచ్చి, చిన్న గదులు అద్దెకు తీసుకొని, చదువుకోవడానికి చోటు లేక ఇక్కడికి వచ్చే పిల్లలు. ఈ ఒడ్డున కట్టిన వాటిలో, కట్టిన ఉద్దేశం చెక్కుచెదరకుండా నెరవేరుతున్నది ఇదేనని నాకు అనిపిస్తుంది.

అక్కడ నుంచి చాదర్‌ఘాట్ వైపు వెళుతుంటే నది మధ్య దీవిలా ఉన్న చోట మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ కనబడుతుంది. 1994లో ప్రారంభమైంది. నది మధ్యలో బస్‌స్టాండు! 2025 సెప్టెంబరు చివరి వారంలో ఎగువ జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు నీళ్ళు బస్‌స్టేషన్‌లోకి వచ్చేశాయి, రాత్రివేళ ప్రయాణికులు చిక్కుకుపోయారు. అదే నెల, అదే వారం, 117 ఏళ్ళ తరువాత. ప్రాణనష్టం 1908లాగా జరగలేదంటే ఎగువన ఆ రెండు జలాశయాలు ఉండబట్టే. కానీ నది తన దారి మరచిపోలేదని తెలిసింది. మూసీని బాగుచేస్తామని ఇవాళ ఎవరు ఏ పథకం చెప్పినా నేను మొదట రెండు ప్రశ్నలు అడుగుతాను. వరద నీటికి చోటు ఎక్కడ వదిలారు? ఒడ్డున బతుకుతున్న కుటుంబాలకు ఊళ్ళోనే, వాళ్ళ పనులకు దగ్గరలో, ఇల్లు ఎక్కడ చూపించారు? దీపాలు, తోటలు, పడవలు ఆ తరువాత.

చాదర్‌ఘాట్ వంతెన 1831 నాటిది, కర్నల్ ఆలిఫెంట్ కట్టించాడు. 1908 తరువాత మళ్ళీ బాగుచేశారు. అది ఎందుకు కావలసివచ్చిందో కోఠి వెళితే అర్థమవుతుంది. నిజాం దగ్గర బ్రిటిష్‌వారి ప్రతినిధిని రెసిడెంటు అనేవారు, ఆయన నదికి ఉత్తరాన ఉండేవాడు, నిజాం దర్బారు దక్షిణాన ఉండేది. రెసిడెన్సీ భవనాన్ని 1803 నుంచి కట్టించినవాడు జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్. పాతబస్తీ ప్రముఖుల ఇంటి ఆడపిల్ల ఖైరున్నీసాను పెళ్ళాడినవాడు. మెట్ల పక్కన రెండు సింహాలు, వాటి వెనక ఎత్తైన స్తంభాలు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వాన రోహిల్లాలు దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే. స్వాతంత్ర్యం తరువాత ఇది ఆడపిల్లల కాలేజీ అయింది, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం, పేరు వీరనారి చాకలి ఐలమ్మది. రెసిడెంటు దర్బారు హాలు ఉన్న ఆవరణలో తెలంగాణ పల్లెల ఆడపిల్లలు చదువుకొంటున్నారు. ఇంతకన్నా మంచి మార్పు ఈ దారిలో మరొకటి లేదు.

చివరి మజిలీ అక్కడికి దగ్గరే. రెసిడెన్సీ చుట్టూ ఉన్న బజార్లు 1933 దాకా రెసిడెంటు అధికారం కింద ఉండేవి. నిజాం ప్రభుత్వపు ఆంక్షలు అక్కడ అంతగా లేవు. అందుకే 1901లో హైదరాబాదు తెలుగువాళ్ళు తమ తొలి గ్రంథాలయాన్ని అక్కడే పెట్టుకోగలిగారు: శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు దానికి మూలపురుషులు. తెలుగు మాట్లాడితే చిన్నచూపు చూసిన రోజుల్లో, నదికి ఈవలి ఒడ్డున, వాళ్ళు తెలుగు పుస్తకాలకు ఒక గది సంపాదించారు. సుల్తాన్‌బజారులో ఆ సంస్థ ఇప్పటికీ ఉంది.

ఆదివారం ఉదయం ఆరున్నరకు పురానాపూల్ దర్వాజా దగ్గర కలుద్దాం. నీళ్ళ సీసా, టోపీ, నడవడానికి అనువైన చెప్పులు తెచ్చుకోండి. వంతెన మీద కూరగాయలు కొనాలనుకొనేవారు సంచి కూడా తెచ్చుకోండి, కానీ ముందు కమానులు చూడండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.